విశాఖలో ఆదివారం ఉదయం: సముద్రమా, పార్కా, కొండా, అడవా?

చుట్టాలు వచ్చినప్పుడు ఎక్కడికి తీసుకువెళ్లాలో విశాఖ వాసులకు ఎవరూ చెప్పనక్కరలేదు. సబ్‌మెరైన్ మ్యూజియం, కైలాసగిరి, ఋషికొండ, తీరిక మిగిలితే సింహాచలం. ఈ వరుస అందరికీ కంఠస్థమే. చుట్టాలను రైలెక్కించి ఇంటికి వచ్చాక, మన కోసం మనం ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటూ కంబాలకొండ అడవిలో ఒక్కసారైనా అడుగు పెట్టనివారు నాకు తెలిసినవారిలోనే ఎందరో ఉన్నారు. నిజం చెప్పాలంటే, మొన్నమొన్నటి వరకు నేనూ వారిలో ఒకడినే.

ఈ పోలిక ఊరు చూడవచ్చినవారి కోసం కాదు, ఊళ్లో ఉంటున్నవారి కోసం. ఇద్దరి అవసరాలూ వేరు. వచ్చిపోయేవారికి చోటు ఎంత అందంగా ఉందన్నది ముఖ్యం. ఉండేవారికి అక్కడికి నెలలో రెండుసార్లయినా శ్రమ లేకుండా వెళ్లగలరా అన్నది అంతకంటే ముఖ్యం. శివాజీ పార్కులో మూడు నెలలపాటు ఒకే బెంచీ దగ్గర ఆగినందువల్లే ఆ పక్క చెట్టు కానుగ అని, అది వేసవి మొదట్లో ఆకు రాల్చి వెంటనే చిగురిస్తుందని, దాని కింద రోజూ కూర్చునే పెద్దాయన ఓడరేవులో పనిచేసి రిటైరయ్యారని నాకు తెలిసింది. ఒక్కసారి వెళ్లి ఫొటో తీసుకుని వచ్చేస్తే ఈ మూడింటిలో ఒక్కటీ తెలిసేది కాదు.

ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

మొదటిది దూరం. విశాఖ గుండ్రంగా పెరిగిన ఊరు కాదు. కొండలకూ సముద్రానికీ మధ్య దొరికిన జాగాలో గాజువాక నుంచి భీమిలి దాకా సాగిన ఊరు. మధురవాడలో ఉండేవారికి ఋషికొండ పెరటితో సమానం, గాజువాకలో ఉండేవారికి అది ఒక ప్రయాణం. ఇంటి నుంచి ఇరవై, ముప్ఫై నిమిషాల్లో చేరలేని చోటు ఎంత గొప్పదైనా మూడో వారానికే మానేస్తాము.

రెండోది నీడ. ఇక్కడి ఎండ కంటే ఉక్కపోత ఎక్కువ బాధిస్తుంది. తీరం తూర్పు ముఖంగా ఉండడం వల్ల సూర్యుడు లేచినప్పటి నుంచే ముఖాన కొడతాడు. మార్చి దాటితే ఏడున్నరకే చెమట మొదలవుతుంది. దీనికి తోడు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరంలోని పెద్ద చెట్లలో ఎన్నింటినో పడగొట్టింది. ఆ తరువాత నాటినవి ఇప్పుడిప్పుడే గొడుగు పడుతున్నాయి. కాబట్టి పాతికేళ్ల క్రితం ఫలానా పార్కు చల్లగా ఉండేదని పెద్దలు చెప్పినా, ఒకసారి స్వయంగా చూసుకుని నిర్ణయించుకోవడం మంచిది.

మూడోది నేల. మోకాళ్ల నొప్పులున్నవారికి ఇసుక పనికిరాదు, చంటిపిల్లల బండికి మెట్లు పనికిరావు, రాళ్ల దారి చెప్పులతో నడిచేవారికి ప్రమాదం.

నాలుగోది జనం, లేదా జనం లేకపోవడం. అసలు ఇబ్బంది ఇక్కడే వస్తుంది. ఈ నగరంలో మనుషులు కలిసే చోట ప్రకృతి సగమే మిగిలి ఉంది. ప్రకృతి నిండుగా ఉన్న చోట పలకరించే మనిషి దొరకడు. రెండూ ఒకేచోట సమానంగా దొరుకుతాయని ఆశపడితే ప్రతి చోటూ లోటుగానే కనిపిస్తుంది.

| చోటు | నీడ | నడిచే నేల | ప్రకృతి | మనుషులతో పరిచయం | ఖర్చు |
|---|---|---|---|---|---|
| బీచ్ రోడ్డు | దాదాపు లేదు | చదును | సముద్రం, ఋతువును బట్టి తాబేళ్లు | చాలా ఎక్కువ | లేదు |
| ఊరి పార్కులు | మధ్యస్థం | చదును | నాటిన చెట్లు | ఎక్కువ | లేదు, లేదా స్వల్పం |
| కైలాసగిరి | మధ్యస్థం | ఎక్కుడు | కొండ, సముద్ర దృశ్యం | తక్కువ | ఉంది |
| జూ | ఎక్కువ | చదును, కానీ దూరం | అడవిలో ఎన్‌క్లోజర్లు | తక్కువ | ఉంది |
| కంబాలకొండ | ఎక్కువ | మట్టి దారి | అసలైన అడవి | చాలా తక్కువ | ఉంది |
| ముడసర్లోవ | మధ్యస్థం | చదును | చెరువు, కొండలు | మధ్యస్థం | స్వల్పం |
| తొట్లకొండ | తక్కువ | ఎక్కుడు | కొండ పొదలు, గడ్డి | తక్కువ | స్వల్పం |
| ఎర్రమట్టి దిబ్బలు | లేదు | ఇసుక | అరుదైన భూస్వరూపం | లేదు | లేదు, లేదా స్వల్పం |

పట్టిక అన్నాక కొంత అన్యాయం తప్పదు. బీచ్ రోడ్డు కింద ఒక్క మాటలో ‘సముద్రం’ అని రాయడం నాకే నచ్చలేదు.

బీచ్ రోడ్డు

పొద్దున్నే కోస్టల్ బ్యాటరీ నుంచి కాళీమాత గుడి, సబ్‌మెరైన్ మీదుగా పాండురంగాపురం వైపు నడిస్తే ఊరు ఊరంతా ఎదురవుతుంది. తెల్లవారుజామున కొంతసేపు వాహనాలను ఆపడం వల్ల రోడ్డు నడిచేవారిదే అవుతుంది. బ్యాడ్మింటన్ ఆడేవారు, యోగా చేసేవారు, గుంపుగా నిలబడి గట్టిగా నవ్వేవారు, స్కేటింగ్ నేర్చుకునే పిల్లలు, వారి సంచులు పట్టుకుని నిలబడ్డ తల్లిదండ్రులు, అందరూ అక్కడే ఉంటారు. ఈ ఊళ్లో కొత్తగా చేరినవారికి పరిచయాలు దొరకాలంటే ఇంతకంటే సులువైన చోటు లేదని నా అభిప్రాయం. అయితే రోజూ ఒకే సమయానికి వెళ్లాలి. ఆరింటికి వచ్చేవారికీ ఏడింటికి వచ్చేవారికీ ముఖ పరిచయం కూడా ఉండదు.

రోడ్డు మీద నడవడం కంటే ఇసుకలోకి దిగి జాలరిపేటల వైపు సాగడంలో మరో ప్రయోజనం ఉంది. అదృష్టం బాగుంటే అలివి వల లాగుతున్న జాలరులు కనిపిస్తారు. రెండు జట్లు తాడు రెండు కొసలు పట్టుకుని ఒక పాటలాంటి కేకతో వెనక్కు నడుస్తుంటే, వల ఒడ్డుకు చేరేసరికి చుట్టూ కాకులు, కుక్కలు, కొనడానికి వచ్చిన ఆడవాళ్లు చేరిపోతారు. ఆ వలలో పడినవాటిని చూసి నేర్చుకున్న చేపల పేర్లు ఏ అక్వేరియంలోనూ నేర్చుకోలేదు. చలికాలం చివరి నుంచి వేసవి తొలినాళ్ల వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి. అటవీ శాఖవారు ఆ గుడ్లను సేకరించి, ఇసుకలో కంచె వేసి పొదిగించి, పిల్లలను సముద్రంలోకి వదులుతారు. అదే కాలంలో చచ్చిన తాబేళ్లు కూడా ఒడ్డుకు కొట్టుకు వస్తాయి. పిల్లలతో వెళ్లేవారు అవి ఎందుకు చచ్చిపోయాయన్న ప్రశ్నకు కూడా సిద్ధపడి ఉండాలి.

లోపాలు రెండు. నీడ లేదు, కాబట్టి వేసవిలో ఇది సూర్యోదయానికి ముందు, లేకపోతే సాయంత్రం వెళ్లవలసిన చోటు. సాయంత్రం గాలి హాయిగానే ఉంటుంది గాని, మురీ మిక్చరు బండ్ల మధ్య నడక సాగదు. రెండోది, ఇది ఈతకు తగిన సముద్రం కాదు. కెరటం వెనక్కు పోయేటప్పుడు కాళ్ల కింద ఇసుకను లాగేసే తీరు చూసినవారెవరూ మోకాలి లోతు దాటరు. నీళ్లలో ఆడాలన్న కోరిక బలంగా ఉంటే, శుభ్రమైన, భద్రమైన తీరాలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన ఋషికొండ తీరంలో కాపలాదారులు ఉన్న భాగంలో, వారు చెప్పిన హద్దు లోపల ఉండడం మేలు.

ఊరి పార్కులు

వీటిని ఒక్కొక్కటిగా పోల్చి లాభం లేదు. మీ ఇంటికి ఏది దగ్గరైతే అదే మంచిది. పాత సెంట్రల్ జైలు స్థలంలో వెలసిన సెంట్రల్ పార్కు ఊరి నడిబొడ్డున ఉంది, ఆఫీసు నుంచి వచ్చేవారికి సాయంత్రం నడకకు బాగుంటుంది. శివాజీ పార్కు చుట్టుపక్కల కాలనీల వారిది. అక్కడ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుంటారు. ఇప్పటికీ అందరూ వుడా పార్కు అనే తారకరామ పార్కుకు సముద్రపు గాలి ఉంది, కాని సెలవు రోజుల్లో పిల్లల సందడే ఎక్కువ.

పెదవాల్తేరులో రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రి ఆవరణలో ఉన్న బయోడైవర్సిటీ పార్కును మాత్రం విడిగా చెప్పాలి. చిన్న చోటే అయినా ఔషధ మొక్కలు, ఎడారి మొక్కలు, నీటి మొక్కలు వేరువేరుగా పెంచారు. మొక్కల పేర్లు నేర్చుకోవాలనుకునే విద్యార్థులకు, వారికి నేర్పాలనుకునే ఉపాధ్యాయులకు నేను మొదట చెప్పే చోటు ఇదే. నడక కోసమైతే అక్కడికి వెళ్లవద్దు. రెండు చుట్లకే దారి అయిపోతుంది.

కైలాసగిరి

కొండపైన శివపార్వతుల విగ్రహాలు, రోప్‌వే, చుట్టూ తిరిగే బొమ్మ రైలు, ఇవన్నీ చుట్టాల జాబితాలోవి. ఊళ్లో ఉన్నవారికి పనికివచ్చేది మెట్లదారి ఒక్కటే. పొద్దున్నే అప్పూఘర్ వైపు నుంచి మెట్లెక్కి, పైన పది నిమిషాలు కూర్చుని, దిగి, కింద తెన్నేటి పార్కులో ఊపిరి తీసుకోవడం మంచి వ్యాయామం. తెన్నేటి విశ్వనాథం పేరు పెట్టిన ఈ పార్కు దగ్గరే 2020 అక్టోబరులో ఒక బంగ్లాదేశ్ నౌక గాలివానకు కొట్టుకువచ్చి రాళ్ల మీద చిక్కుకుంది. ఊరు ఊరంతా వెళ్లి చూసింది, నేనూ వెళ్లాను.

జూ, కంబాలకొండ: రోడ్డుకు అటూ ఇటూ

ఎక్కువమంది తికమకపడేది ఈ రెండింటి మధ్యే. జాతీయ రహదారికి సముద్రం వైపు ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల, కొండల వైపు కంబాలకొండ అభయారణ్యం. ఒకప్పుడు ఇదంతా ఒకే అడవి. 1977 మే 19న ప్రారంభమైన జూ 625 ఎకరాల్లో విస్తరించి ఉంది. కంబాలకొండను 2002లో అభయారణ్యంగా ప్రకటించారు, దాని విస్తీర్ణం సుమారు 70 చదరపు కిలోమీటర్లు. మహానగరం అంచున, బస్సు దిగి నడిచి వెళ్లగలిగే దూరంలో చిరుతపులి తిరిగే అడవి ఉండడం ఎంత అరుదో, మనం ఇక్కడే ఉంటున్నందువల్ల మనకు తట్టదు.

జూలో చూడవలసినది కనిపిస్తుందన్న హామీ ఉంది. ఏనుగు, పులి, జిరాఫీ ఎక్కడ ఉంటాయో బోర్డు చెబుతుంది, పిల్లలు నిరాశపడరు. కొండల మధ్య ఉండడం వల్ల ఇక్కడి చెట్ల నీడ ఊళ్లోని ఏ పార్కులోనూ లేదు. నిజానికి నేను జూకు వెళ్లేది పంజరాల్లో ఉన్న పక్షుల కోసం కాదు, పంజరాల పైన చెట్ల మీద వాలే పక్షుల కోసం. నాలుగేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లలున్నవారికి, నీడలో చాలాసేపు నడవాలనుకునే పెద్దలకు ఇది సరైన చోటు. సోమవారం సెలవు అన్న సంగతి మరచి వెళ్లి గేటు దగ్గర నుంచి తిరిగివచ్చిన కుటుంబాల్లో మాదీ ఒకటి. సెలవు రోజుల మధ్యాహ్నాలు మాత్రం జనం మరీ ఎక్కువ. జంతువులు కూడా ఆ వేళకు నీడకు చేరి పడుకుంటాయి. తలుపులు తీయగానే లోపలికి వెళ్లి పదకొండింటికల్లా బయటపడటం ఉత్తమం.

కంబాలకొండలో ఏ హామీ లేదు. చిరుత కనబడదు, కనబడకపోవడమే మంచిది. దుప్పులు, అడవిపందులు ఉన్నాయని చెబుతారు. చాలాసార్లు వాటి గిట్టల గుర్తులతోనే తృప్తిపడాలి. తొలిసారి మా ఇంట్లో పిల్లలు అరగంటకే విసిగిపోయి, “ఇక్కడ ఏముంది?” అన్నారు. మూడోసారి వెళ్లినప్పుడు, వానలు మొదలయ్యే రోజులు కావడం వల్ల, పొదల్లోంచి రెండు స్వరాల ఈల వినబడింది. కదలకుండా పది నిమిషాలు నిలబడితే ఆకుపచ్చ, నీలం, ఎరుపు రంగులు కలిసిన పొన్నంగి పిట్ట ఎండుటాకుల మీద గెంతుతూ కనిపించింది. ఆ తరువాత విసుగన్న మాట వారి నోట రాలేదు. ఇది సతత హరితమైన పొడి అడవి. వేసవిలో కూడా పూర్తిగా ఎండిపోదు, వానల తరువాత మాత్రం దారి పక్క గెడ్డల్లో నీళ్లు పారుతూ మరో చోటులా కనిపిస్తుంది.

అక్కడికి వెళ్లేవారు కొన్ని నియమాలు పాటించక తప్పదు. అటవీ శాఖవారి ద్వారం నుంచి, వారు అనుమతించిన వేళల్లో, వారు చూపిన దారిలోనే నడవాలి. ట్రెక్కింగు చేయాలంటే వారిని ముందుగా అడగాలి. రంగురంగుల బట్టలు, స్పీకర్లో పాటలు, చిప్సు పొట్లాలు ఉంటే జూకు వెళ్లడమే మేలు. ఒంటరిగా వెళ్లవద్దని నా సలహా. ముగ్గురు, నలుగురు కలిసి నిశ్శబ్దంగా నడిస్తే భద్రతా ఉంటుంది, పక్షులూ బెదరవు.

ముడసర్లోవ

ఒకప్పుడు నగరానికి తాగునీరిచ్చిన ఈ చెరువు కంబాలకొండకు వెనుక వైపున ఉంది. చెరువు నీళ్ల మీద తేలే 2 మెగావాట్ల సౌర ఫలకాలు 2018 నుంచి ఉన్నాయి. పక్కనే పార్కు ఉంది. అందంలో ఇది ఋషికొండకు సాటిరాదు గాని, హనుమంతవాక, ఆరిలోవ, అడవివరం వైపు వారికి దగ్గర. కొండ, నీరు, నీడ మూడూ ఒకేచోట, పెద్దగా జనం లేకుండా దొరకడం వల్ల పెద్దవారితో వెళ్లడానికి నాకు ఇదే నచ్చుతుంది. భోజనం కట్టుకుని వెళ్లే వనభోజనాల అలవాటు కార్తీక మాసంలో ఇక్కడ ఇంకా కనిపిస్తుంది.

తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు

భీమిలి దారిలో ఉన్న ఈ రెండింటినీ ఒకే ఉదయం చూసేయాలనుకోవడం పొరపాటు. తొట్లకొండ మీద బౌద్ధ ఆరామం ఉన్న సంగతి 1970లలో నౌకాదళం చేపట్టిన సర్వేలో బయటపడింది. తరువాత తవ్వకాల్లో స్తూపం, విహారాల పునాదులు వెలికివచ్చాయి. బండలో తొలిచిన నీటి తొట్ల వల్ల తొట్లకొండ, బావి వల్ల దగ్గరలోని బావికొండ ఆ పేర్లు పొందాయి. వాననీటిని ఒడిసిపట్టి కొండ మీద బతికిన భిక్షువుల తెలివి, వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసే మనకు అక్కడ బాగా అర్థమవుతుంది. కొండవాలు మీద గడ్డి, చిన్న పొదలు తప్ప పెద్ద చెట్లు తక్కువ. కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య ఉదయం వేళ వెళ్లాలి. చరిత్ర, ప్రకృతి రెండూ ఇష్టమైనవారికి కైలాసగిరి కంటే ఇదే ఎక్కువ నచ్చుతుంది.

ఎర్రమట్టి దిబ్బలు అందరికీ కావు. సముద్రం వెనక్కు తగ్గిన యుగాల్లో గాలి తెచ్చి పోసిన ఇసుక, అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడి, వాన కోతకు గుట్టలుగా, లోయలుగా మారిన చోటు ఇది. 2014లో దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. అంచుల మీద ఎక్కి జారితే వేల ఏళ్ల పొర ఒక్క నిమిషంలో రాలిపోతుంది. పెళ్లి ఫొటోల కోసం ఆ అంచుల మీద గొడుగులు పాతేవారిని చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. భూగోళం చదివే పిల్లలున్నవారు ఏడాదికి ఒకసారి, చలికాలంలో, నీళ్ల సీసాతో వెళ్లి, కింది దారుల్లోనే నడిచి రావడం చాలు. ఈ ఒక్క చోటు విషయంలో పదేపదే వెళ్లాలన్న నా నియమాన్ని నేనే పక్కన పెడతాను.

ఎవరికి ఏది

మోకాళ్లు సహకరించని పెద్దలకు వేసవిలో పార్కు, మిగతా కాలమంతా తెల్లవారుజామున బీచ్ రోడ్డు, నెలకు ఒకసారి ముడసర్లోవ. ఇంతకంటే ఆలోచించనక్కరలేదు.

చిన్నపిల్లలున్నవారు జూతో మొదలుపెట్టి, పిల్లలకు ఎనిమిదేళ్లు దాటాక రోడ్డు దాటి కంబాలకొండకు మారడం మంచిది. ముందే తీసుకువెళ్తే పిల్లలు విసుగుపడతారు, పెద్దలు కోప్పడతారు, ఆ అడవి మీద ఇద్దరికీ మనసు విరిగిపోతుంది.

కారు గాని బైకు గాని లేనివారు దూరపు చోట్లను వదులుకోనక్కరలేదు. ఆర్టీసీ 900కె బస్సు సముద్రం పక్కనే భీమిలి దాకా వెళ్తుంది. కిటికీ పక్క సీటు దొరికితే ఆ ప్రయాణమే సగం విహారం. భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలిసే చోట కాసేపు కూర్చుని, పాత డచ్చివారి సమాధులు చూసి తిరిగి రావచ్చు.

గాజువాక, స్టీల్‌ప్లాంటు వైపు వారికి బీచ్ రోడ్డు దూరమనిపిస్తే యారాడ ఉంది. కొండ దాటి దిగే దారి, కొబ్బరి తోటలు, ఎర్రటి కొండ వెనుక బంగారు ఇసుక కనబడేసరికి శ్రమ మరచిపోతాము. అక్కడ నీటి లాగుడు బీచ్ రోడ్డు పక్కనున్న ఆర్కే బీచ్ కంటే తక్కువేమీ కాదు, కాపలా కూడా అంతంత మాత్రమే. నీళ్లలోకి దిగకుండా ఉండలేనివారు అక్కడికి వెళ్లకపోవడం మంచిది. పక్షులే కావాలనుకుంటే ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్న కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సు వారికి మరింత తగినది. తాటి దుంగలు జతకట్టి చేసిన దోనెల మీద కలువల మధ్య తిరుగుతూ చలికాలపు వలస పక్షులను చూడవచ్చు.

ఇక బదిలీ మీదో చదువు కోసమో కొత్తగా వచ్చి, ఊళ్లో ఒక్కరూ తెలియనివారు. వీరికి నేను ఏ పార్కూ చెప్పను, ఒక రోజు చెబుతాను. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు సింహాచలం గిరిప్రదక్షిణ జరుగుతుంది. సుమారు 32 కిలోమీటర్లు. కొండ కింద తొలి మెట్టయిన తొలిపావంచా దగ్గర మొదలై, అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా అప్పూఘర్ దగ్గర సముద్రాన్ని తాకి, ఊరి మధ్యలోంచి మాధవధార వైపు తిరిగి కొండకు చేరుతుంది. అంటే పైన చెప్పిన చోట్లలో సగం ఒక్క రాత్రిలో కాలినడకన దాటుతారు. అంత దూరం నడవలేకపోతే ఇసుకతోట దగ్గరో మద్దిలపాలెం దగ్గరో కాలనీవారు వేసిన పందిరి కిందికి వెళ్లి నిలబడండి. మజ్జిగ గ్లాసులు అందించడానికి ఇంకో రెండు చేతులు కావాలా అని అడిగితే, “మీదే ఊరండీ?” అని అడుగుతూనే బకెట్ మీ చేతికి ఇచ్చేస్తారు.